మొదట చేతికి తగిలిన గుండీ

మా వీధిలో దర్జీ కొట్టు ఒకటుంది. బోర్డు మీద రాసింది దర్జీ పేరే గాని, జనం మాత్రం దాన్ని కాజాలమ్మ కొట్టు అంటారు. కాజాలమ్మ అంటే దర్జీకి పిల్లనిచ్చిన అత్తగారు. అరవై దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచి కూతురి దగ్గరే ఉంటూ, అల్లుడు కుట్టిన కోట్లకు, చొక్కాలకు గుండీ దూరే కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి చాలా కాలమైంది. అయినా ఆవిడ చేతి కాజా ఒకసారి చూసినవాళ్ళు మిషను కాజా చూస్తే మొహం చిట్లిస్తారు. తన కత్తెర పని అంతంత మాత్రమేనని దర్జీకి కూడా తెలుసు. ఆ కొట్టు నిలబడింది ఆవిడ వేళ్ళ మీద.

నాది ఎదురుగా ఇస్త్రీ కొట్టు. అదీకాక మా చర్చి సంఘంలో కుర్చీలు వేయడం, తీయడం, గదులకు తాళాలు వేయడం నా వంతు. ఈ కథలో కొన్ని తలుపులు తెరిచింది నేనే. నా పాత్ర అంతవరకే.

జరిగేదంతా దేవుడు ముందే నిర్ణయించి పెట్టాడని కాజాలమ్మ నమ్మకం. వాన వచ్చినా, సూది విరిగినా, పాలు పొంగినా, లోకం పుట్టకముందే ఆయన అనుకున్నదే అంటుంది. దర్జీకి మధ్యాహ్నం పూట పని తగ్గితే ఆవిడను కదిలించడం ఒక సరదా.

"అత్తయ్యా, మీరు ఇవాళ నీలం దారం ఎక్కిస్తారని కూడా దేవుడు ముందే అనుకున్నాడా?"

"అనుకున్నాడు."

"మరి ఆ బట్ట నల్లది."

ఆవిడ అద్దాలు సర్దుకుని చూసుకుని, నీలం దారం లాగేసి నల్లది ఎక్కించింది. "ఇదీ అనుకున్నాడు."

"అయితే కాజా వంకరపోతే తప్పెవరిది?"

"వంకరపోతే నాది. చక్కగా వస్తే ఆయనది."

"బాగుందండీ ఈ బేరం. ఆయనకి నష్టమే లేదు."

"నువ్వు మిషను తొక్కు అల్లుడూ. నువ్వు తొక్కాలని కూడా ఆయన ఎప్పుడో రాసిపెట్టాడు, నువ్వే ఆలస్యం చేస్తున్నావు."

నేను ఇస్త్రీపెట్టె పట్టుకుని ఇదంతా వింటూ నవ్వుకునేవాణ్ణి. రాత్రి ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రం ఆ బేరం గుర్తొచ్చేది. మంచి ఆయనది, వంకర మనది. నిజమే అనిపిస్తుంది. కానీ ఎక్కడో ఒక కుట్టు తప్పిందనీ అనిపిస్తుంది.

ఇలా ఉండగా ఆ కొట్టు తలుపు తాళం పాడవడం మొదలుపెట్టింది. తాళంచెవి సగం దాకా వెళ్ళి ఆగిపోయేది. మూడు వీధుల అవతల తాళాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన్ని మేమంతా తాళాలాయన అంటాం. భార్య పోయింది, పిల్లలు లేరు, మా సంఘంలోనే చివరి వరసలో కూర్చుంటాడు. ఆయన వచ్చి, తాళం విప్పి, లోపల ఏదో గీకి, నూనె వేసి వెళ్ళేవాడు. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ బిగుసుకునేది. ఆయన తాళం విప్పుతున్నంతసేపూ కాజాలమ్మ స్టూలు గుమ్మం దగ్గరికి లాక్కుని కాజాలు కుట్టేది. వెలుతురు అక్కడే బాగుంటుందట.

"ఈ తాళం ఇలా కావాలని దేవుడి చిత్తం," అంది ఒకసారి.

"తాళంలో దేవుడి చిత్తం కనపడలేదమ్మా. స్ప్రింగు కనపడింది," అన్నాడాయన.

ఆవిడ నవ్వింది. కూతురు లోపల నుంచి ఆ నవ్వు విని, చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయిందట. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం వినలేదని తర్వాత మా ఇంటావిడతో చెప్పింది.

చివరికి ఒక సాయంత్రం తాళాలాయన పెట్టె సర్దుకుంటూ, తాను కొట్టు మారుస్తున్నానని చెప్పాడు. రేవు దగ్గరి ఊళ్ళో గిరాకీ బాగుందట. బస్సెక్కితే పూట ప్రయాణం.

"మరి ఈ తాళం పాడైతే?" అంది కాజాలమ్మ.

"అదే ఆలోచిస్తున్నా. నేను రావడం కష్టం. మీరే నాతో వచ్చేస్తే తాళం బాగుంటుందేమో," అన్నాడాయన, స్క్రూడ్రైవరు వైపు చూస్తూ.

దర్జీ మిషను ఆపేశాడు. కాజాలమ్మ దారం కొరికి తెంపింది. అవునూ అనలేదు, కాదూ అనలేదు. "నాదేముంది. దేవుడు ఎలా నిర్ణయిస్తే అలా. ఆదివారం సంచి అడుగుదాం," అంది.

సంచి సంగతి చెప్పాలి. మా సంఘం మొదలుపెట్టినవాళ్ళు బట్టల మిల్లులో పనిచేసినవాళ్ళు. ఎటూ తేలని విషయం వస్తే, బైబిల్లో శిష్యులు చీట్లు వేసినట్టు వీళ్ళు గుండీలు వేసేవారు. వెనకగదిలో మేకుకు ముతకగుడ్డ సంచి ఒకటి వేలాడుతుంది. దాన్లో ఒకే సైజువి రెండు గుండీలు. తెల్లది ముత్యపు చిప్పతో చేసింది, రెండు కంతలది. నల్లది కొమ్ముతో చేసింది, నాలుగు కంతలది. తెల్లదొస్తే అవును, నల్లదొస్తే కాదు. ప్రార్థన అయ్యాక కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాలి, మొదట చేతికి తగిలింది తీయాలి. వెతకకూడదు. అదొక్కటే నియమం. పాస్టరుగారికి ఈ పద్ధతి అంతగా నచ్చదు గాని, పెద్దల నాటిది కదా అని ఊరుకుంటారు.

ఆదివారం పొద్దున్నే ఊడవడం దర్జీ వంతు. నేను వెనకగది తాళం తీసి ఇచ్చి కుర్చీలు వేసుకుంటున్నాను. తర్వాత పూలజాడీలో నీళ్ళు మార్చడానికి దర్జీ భార్య వచ్చింది. ఆమెకూ తలుపు చూపించాను. ఆ వెనకగదిలో ఎవరేం చేశారో నాకు అప్పుడు తెలియదు.

ప్రార్థన అయింది. కాజాలమ్మ ముందుకొచ్చి కళ్ళు మూసుకుంది. పాస్టరుగారు సంచి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి లోపలికి వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. చివరి వరసలో తాళాలాయన జేబులోని తాళంచెవుల గుత్తి గట్టిగా పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. దర్జీ, దర్జీ భార్య మాత్రం పక్కపక్కన ఎంత నిశ్చింతగా కూర్చున్నారంటే, ఎంత విశ్వాసం వీళ్ళదని ముచ్చటేసింది నాకు.

చెయ్యి బయటికి వచ్చింది. తెల్ల గుండీ.

అందరూ స్తోత్రం అన్నారు. దర్జీ అనలేదు. నోరు తెరుచుకుని ఆ గుండీ వైపే చూస్తున్నాడు. పాస్టరుగారు దాన్ని అందరికీ చూపించి తిరిగి సంచిలో వేసి మేకుకు తగిలించారు. అప్పటికీ దర్జీ నోరు మూతపడలేదు. మధ్యాహ్నం మా ఇంటి ముందు నుంచి పోతూ ఆగి, "అన్నయ్యా, దేవుడు నల్లదాన్ని తెల్లగా చేయగలడా?" అని అడిగాడు. "నీళ్ళనే ద్రాక్షరసంగా మార్చాడు, గుండీ ఒక లెక్కా," అన్నాను. వాడి మొహం ఇంకా పాలిపోయింది.

మర్నాడు పెళ్ళి మాటలకు సాయంత్రం తాళాలాయన వస్తానన్నాడు. పొద్దున కాజాలమ్మ కొట్టులో కూర్చుని కాజా మొదలుపెట్టింది, విప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు తీసి బల్ల మీద పెట్టేసింది. అది ఆవిడ పడుకునేటప్పుడు తప్ప తీయదు.

"ఆయన వస్తే వద్దని చెప్పండి," అంది.

"ఏంటమ్మా?" అంటూ కూతురు లోపల నుంచి వచ్చింది.

"మొదట చేతికి తగిలింది నల్లది."

రోడ్డు ఇవతల నుంచి నేను ఇస్త్రీపెట్టె పైకెత్తాను, బట్ట కాలకుండా.

"నా వేళ్ళకి తెలీదా? ఇన్నేళ్ళ నుంచి గుండీలతోనే బతుకుతున్నా. నాలుగు కంతలు. బొటనవేలు దాని మీదే పడింది. అది తియ్యాలి. తియ్యలేదు. వదిలేసి పక్కదాన్ని పట్టుకున్నా. దేవుడు వద్దన్నాడు, నేను కావాలనుకున్నాను. పదిమందిలో స్తోత్రం చెప్పించుకున్నాను." అంటూ ఆవిడ తొడుగును ఇంకా దూరం జరిపింది. "ఆయన నిర్ణయం దాటి పోయి నేను సుఖపడేదేముంది?"

కూతురు అమ్మ పక్కన కూలబడింది. "అమ్మా, ఆ తెల్లది దేవుడిది కాదే."

"మరెవరిది?"

"మనదే. ఈ గుండీల డబ్బాలోది. నల్లది వస్తుందేమోనని భయమేసి, పూలజాడీ పని మీద వెళ్ళి, నల్లది తీసేసి దీన్ని వేశాను. సంచిలో రెండూ తెల్లవే ఉండాలి. నీకు నల్లది ఎలా తగిలిందో నాకర్థం కావడం లేదు."

"నువ్వా?" అంది కాజాలమ్మ. "చూశావా, ఆ తెల్లది కూడా దొంగదే. అయిపోయింది. ఇంక మాట్లాడకండి."

ఇప్పుడు దర్జీ సంగతి చూడండి. వాడు నోరు మూసుకుంటే చాలు. అత్తగారు ఎక్కడికీ వెళ్ళదు, కాజాలు ఎక్కడికీ పోవు, వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పైగా ఇదంతా దేవుడి చిత్తమని ఆవిడే అంటోంది. వాడు కోటు చెయ్యి ఒకటి తీసుకుని మడత పెట్టాడు, విప్పాడు. బల్ల మీద తొడుగు వైపు చూశాడు.

"ఇదిగో," అన్నాడు భార్యతో, "నువ్వు సంచిలో చూసి తీశావా, చూడకుండా తీశావా?"

"చూసే తీరికెక్కడిది? అడుగుల చప్పుడైంది. చేతికొచ్చింది లాగాను, నల్లదే వచ్చింది, తెల్లది పడేసి పరిగెత్తాను."

"ఏది వచ్చినా నల్లదే వచ్చేది నీకు."

"అదేంటండీ?"

దర్జీ చొక్కా జేబులోంచి ముత్యపు చిప్ప గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. "నీకంటే ముందు నేను వెళ్ళాను. తెల్లది తీసేసి, మన కోట్లకి వేసే నల్లది వేశాను. రెండూ నల్లవే చేశాను."

అల్లుడి మొహాన్ని కాజాలమ్మ తేరిపార చూసింది. "ఎందుకు బాబూ?"

"ఎందుకంటే ఏం చెప్పను అత్తయ్యా. కాజాలు." వాడు తల వంచుకున్నాడు. "ఆయన అడిగిన రోజే, వెళ్ళొద్దత్తయ్యా, నాకు కష్టమవుతుంది అని అనుండాల్సింది. అనడానికి సిగ్గేసింది. దేవుడి చేత అనిపిద్దామనుకున్నా. నిన్న తెల్లది వచ్చేసరికి నా ప్రాణం పోయింది. రాత్రంతా ఆ గుండీ నన్నే చూస్తున్నట్టుంది."

"మీరు మనిషేనా?" అంది భార్య.

"నువ్వేం తక్కువ తిన్నావే?"

"నేను అమ్మ కోసం చేశాను."

"నేనూ అత్తయ్య కోసమే చేశాను. ఆవిడ ఇక్కడుండటం కోసం."

"ఆపండి ఇద్దరూ," అంది కాజాలమ్మ. "నువ్వు తీసిన నల్లది ఏదే?"

కూతురు దారాల డబ్బా అడుగు నుంచి తీసి ఇచ్చింది. కాజాలమ్మ కళ్ళు మూసుకుని దాన్ని బొటనవేలితో రుద్దింది.

"ఇది కొమ్ము," అంది. "అంచు అరిగింది. సంఘం సంచిలోది ఇదే."

"అంటే లోపల మిగిలింది నాది," అన్నాడు దర్జీ.

వాళ్ళు ముగ్గురూ కొట్టు వదిలేసి రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చారు, సంఘం తాళంచెవి కోసం. నేను ఏమీ విననట్టు, "ఏంటి విశేషం?" అన్నాను. "వచ్చి చూడు, సగం ఎలాగూ విన్నావు," అంది కాజాలమ్మ.

వెనకగది తెరిచాను. చప్పుడు విని పాస్టరుగారు పక్క ఇంట్లో నుంచి హడావిడిగా వచ్చారు. దర్జీ మొదలుపెట్టాడు, వాడి భార్య మధ్యలో అందుకుంది, ఇద్దరూ కలిసి మళ్ళీ మొదటికి వచ్చారు. పాస్టరుగారు సంచి దులిపారు. బల్ల మీద ఒక తెల్లది, ఒక నల్లది పడ్డాయి. నల్లదాని అంచున అచ్చులో పోసిన గీత స్పష్టంగా కనిపిస్తోంది. ప్లాస్టిక్కు. దర్జీ జేబులోది, దారాల డబ్బాలోది వాటి పక్కన పెట్టాం.

పాస్టరుగారు ఆ నాలుగింటినీ చూసి, గడ్డం గోక్కుని, "అయితే ఆదివారం ఆ సంచిలో సంఘానిది ఒక్కటి కూడా లేదన్నమాట," అన్నారు.

"రెండూ మా ఇంట్లోనే ఉన్నాయండీ," అంది దర్జీ భార్య, కొంగు వేలికి చుట్టుకుంటూ.

ఆయన కోప్పడతారనుకున్నాం. కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి గాని ఆయన నవ్వుతున్నారని తెలియలేదు.

కాజాలమ్మ నవ్వలేదు. "అయ్యగారూ, నాకు ఒక్కటి చెప్పండి. నేను దేవుడికి ఎదురు తిరిగానా లేదా?"

"మీరు వదిలేసింది మీ అల్లుడి గుండీని. పట్టుకున్నది మీ అమ్మాయి గుండీని. దేవుడి గుండీ మీ చేతికి రానే లేదు."

"అది సరే. నల్లది దేవుడిదే అనుకుని కదా వదిలాను?"

పాస్టరుగారి నవ్వు ఆగింది. "అది మీరూ ఆయనా మాట్లాడుకోవాల్సిన మాట," అన్నారు నెమ్మదిగా. "క్షమించమని అడగండి. కాని దానికి శిక్షగా పెళ్ళి మానుకోమని ఆయన చెప్పలేదు. అది మీరు వేసుకున్న శిక్ష."

నాకు ఎప్పటి నుంచో ఉన్న అనుమానం నాలుక చివరికి వచ్చేసింది. "అయ్యగారూ, వీళ్ళిద్దరూ ఇలా మారుస్తారని, ఈవిడ ఇలా వదిలేస్తుందని ఆయనకి ముందే తెలుసు కదా. తెలిసినప్పుడు ఇంక వేరేలా ఎలా జరుగుతుంది? వేరేలా జరగనప్పుడు తప్పు వీళ్ళది ఎలా అవుతుంది?"

"బాగా అడిగావు," అన్నాడు దర్జీ ఆశగా.

"నువ్వు ఆశపడకు," అన్నారు పాస్టరుగారు. "దీని మీద నేను చదువుకున్న చోట మాస్టార్లు బల్లలు గుద్ది వాదించుకునేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు. నాకు తోచింది చెప్తాను. కాజా ఎక్కడ ఉండాలో కుట్టేవాడు ముందే గుర్తు పెడతాడు. ఏ గుండీకి ఏ కాజానో వాడికి తెలుసు. కాని చొక్కా తొడుక్కుని గుండీ పెట్టుకునేది మాత్రం మనమే. వాడు మన వేళ్ళు పట్టుకుని పెట్టడు."

మేమంతా తలలూపాం. బాగుంది అనిపించింది.

"అందుకే కొందరు తప్పు కాజాలో పెట్టుకుంటారు," అంది కాజాలమ్మ.

"అదే నేను చెప్పేది."

"మీరు ఇవాళ పెట్టుకున్నట్టు."

పాస్టరుగారు కిందికి చూసుకున్నారు. హడావిడిలో చొక్కా గుండీ ఒకటి పైకి తప్పింది. మెడ దగ్గర ఒక కాజా ఖాళీగా, కింద ఒక గుండీ అనాథగా ఉంది. ఆయన అటు తిరిగి విప్పి సరిచేసుకున్నారు. ఆ ఉపమానం మీద నాకు ఇంకో ప్రశ్న ఉండేది గాని, ఆ సమయంలో అడగడం మర్యాద కాదనిపించింది. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది.

"సరే, అసలు గుండీలు ఇక్కడే ఉన్నాయి," అన్నారు ఆయన తిరిగి వచ్చి. చిప్ప గుండీని, కొమ్ము గుండీని సంచిలో వేసి ముడి వదులుగా పట్టుకున్నారు. "మీకు కావాలంటే మళ్ళీ ప్రార్థన చేద్దాం. ఈసారి ఎవరూ ముట్టుకోలేదు."

సరిగ్గా అప్పుడే తాళాలాయన గుమ్మంలో కనిపించాడు, చేతిలో పెట్టెతో. సాయంత్రం దాకా ఆగలేక ముందే వచ్చి, కొట్టు తెరిచి ఉండి లోపల ఎవరూ లేకపోతే వెతుక్కుంటూ వచ్చాడట. విషయం ఏమిటని ఎవర్నీ అడగలేదు. ఆవిడ మొహం వైపు చూసి, అక్కడే ఆగిపోయాడు.

కాజాలమ్మ సంచి వైపు చూసింది. చెయ్యి ముందుకు చాపింది కూడా. ఆ చెయ్యి సంచి మూతి దగ్గర ఆగింది. తన బతుకులో ప్రతి మలుపుకూ దేవుణ్ణి ముందు నడిపించిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఆయన ఎందుకో పక్కకు తప్పుకుని దారి ఇచ్చినట్టుంది. అలా దారి ఇస్తే భయం వేస్తుందని ఆవిడ మొహం చూశాకే నాకు అర్థమైంది.

"వద్దు అయ్యగారూ," అంది. "మొదట ఏది తగిలినా నా వేళ్ళు తెల్లదాన్నే వెతుక్కుంటాయి. దేవుణ్ణి ఆ మేకుకు వేలాడదీసి ఊరికే కష్టపెట్టడం ఎందుకు." గుమ్మం వైపు తిరిగింది. "ఏమండీ, నాకు ఇష్టమే. నాకే ఇష్టం. ఎవరి మీదా పెట్టడం లేదు."

తాళాలాయన పెట్టె కింద పెట్టాడు. "నాకు ముందే తెలుసు," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

ఆయన పెట్టె తెరిచి, చిన్న రేకు డబ్బాలోంచి గోలీకాయంత మైనం ముద్ద తీసి చూపించాడు. దారం గట్టిపడటానికి రుద్దే మైనం అది. "వచ్చినప్పుడల్లా మీ కొట్టు తాళంలోంచి గీకి తీసింది. దాచిపెట్టాను."

దర్జీ, దర్జీ భార్య ఒకేసారి కాజాలమ్మ వైపు తిరిగారు. కాజాలమ్మ సంఘం వెనకగది పైకప్పు ఎంత శుభ్రంగా ఉందో పరీక్షగా చూస్తోంది.

"అత్తయ్యా, తాళం పాడవడం దేవుడి చిత్తం అన్నారే!"

"మైనం ఎవరు చేశారు మరి? ఆయనే కదా," అంది ఆవిడ.

పెళ్ళి మా సంఘంలోనే అయింది. పాస్టరుగారు సంచిని మేకు మీద నుంచి తీసి తన బల్ల సొరుగులో పెట్టేశారు. పెద్దలు అడిగితే గుండీలు వదులయ్యాయని చెప్పారు, అదేం మాటో ఎవరికీ అర్థం కాక ఊరుకున్నారు. ఇప్పుడు దర్జీ కుట్టిన కోట్లు కాజాలు లేకుండా పొద్దున బస్సెక్కి రేవు ఊరికి వెళ్తాయి, కాజాలు వేయించుకుని మర్నాడు తిరిగొస్తాయి. ఈ ఉపాయం ముందే తట్టి ఉంటే అంత పాపం చేసేవాణ్ణి కాదు కదా అని దర్జీ బాధ. తట్టకపోవడం కూడా దేవుడి చిత్తమే అంటుంది వాడి భార్య, అచ్చం తల్లిలా. కొట్టు తాళం మళ్ళీ ఎప్పుడూ పాడవలేదు.

తాళాలాయన పెళ్ళి కోటు మాత్రం కాజాలమ్మ ఇక్కడ ఉండగానే పూర్తి చేసింది. ఆ కోటు ఇస్త్రీకి నా దగ్గరికే వచ్చింది. పై కాజా కొంచెం వంకరగా ఉంది. ఆవిడ చేతిలో వంకరపోయిన కాజా చూడటం నాకు అదే మొదలు. కోటు పట్టుకెళ్ళడానికి తాళాలాయనతో కలిసి వచ్చినప్పుడు ఆ మాటే అన్నాను.

తాళాలాయన అద్దాలు పెట్టుకుని చూశాడు. "అవును, వంకరగానే ఉంది."

"అది నాది," అంది కాజాలమ్మ, గుండీ దాన్లో దూర్చి.